మేకు మడత పెట్టని పాపం

మొన్న ఆదివారం పొద్దున్న నేనింకా మంచం దిగకముందే హాల్లోంచి పెద్ద చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, మా పుస్తకాల అర నేలమీద బోర్లా పడి ఉంది. నాలుగేళ్ళ క్రితం సందు చివరి షాపులో చవగ్గా వస్తోందని కొన్న అర. రంపప్పొట్టునీ జిగురునీ కలిపి నొక్కి, పైన టేకు రంగు కాగితం అతికించిన చెక్క.

మా రూమ్మేటు ఆవలిస్తూ వచ్చి తీర్పు చెప్పేశాడు: "ఇంకొంచెం లావు మేకులు కొట్టేద్దాం బ్రో, సరిపోద్ది."

నేను మాత్రం ఆ మేకుల్నే చూస్తూ కూర్చున్నాను. పక్క చెక్కలోంచి వరసగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్కటి కూడా వంగలేదు, విరగలేదు. షాపులో తూకమేసి ఇచ్చినప్పుడు ఎలా ఉండేవో అలాగే నిగనిగలాడుతున్నాయి.

ఇలాంటి తిన్నని మేకుల్ని నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఇక్కడ రాసేస్తే ఓ పనైపోతుంది.

మాది అనకాపల్లి దగ్గర ఒక పల్లెటూరు. మా తాతయ్య వడ్రంగి. 2014లో నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. ఆ దసరా సెలవలకి ఇంటికెళితే తాతయ్య తన పని చేసుకునే పాకకి కప్పు మారుస్తున్నాడు. తాటాకు తీసేసి రేకులు వేయిస్తున్నాడు. సరుగుడు వాసాల మీద అడ్డంగా ఆరు వరసల మామిడి బద్దీలు, వాటి మీద రేకులు. రేకు మీంచి మూడంగుళాల మేకు కొడితే బద్దీ దాటి కిందకి అంగుళం మొన బయటికొస్తుంది. పైన మేకులు కొట్టడం తాతయ్య, ఆయన దగ్గర పనిచేసే అబ్బాయి చూసుకున్నారు. నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. నిచ్చెన వేసుకుని కింద నుంచి ఆ మొనల్ని సుత్తితో వంచి, బద్దీకి అతుక్కునేలా మడత పెట్టడం.

మెడ పైకెత్తి చేసే పని. కళ్ళల్లో పొట్టు పడుతుంది. రెండు దెబ్బలు మేకు మీద పడితే మూడోది వేలి మీద పడుతుంది. నాలుగు వరసలు పూర్తిచేశాను. మిగిలిన రెండూ చూరు వైపువి. అక్కడ నిచ్చెన వెయ్యాలంటే పెంటకుప్ప మీద వెయ్యాలి. అప్పటికే సాయంత్రం అయింది. ఫ్రెండ్సు బండేసుకొచ్చి హారన్ కొడుతున్నారు. "అయిపోయిందా?" అని తాతయ్య పైనుంచి అడిగాడు. "ఆఁ, అయిపోయింది" అన్నాను. కింద నుంచి ఎవడు చూడొచ్చాడని!

అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్ల వేగాన గాలి. ఆ గాలికి విశాఖ విమానాశ్రయం కప్పే దెబ్బతింది, మా తాతయ్య పాక ఒక లెక్కా! చూరు దగ్గర రేకుల అంచులు ముందు టపటపా కొట్టుకున్నాయి, తర్వాత ఒకటొకటిగా లేచాయి. ఒక రేకు ఎగిరి వెళ్ళి పక్కింటి మట్టిగోడలో దిగబడింది. సరిగ్గా ఆ గోడ పక్కనే రోజూ ఆ ఇంటి మామ్మ నులకమంచం ఉంటుంది. ఆ రోజు ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ బడికి తరలించారు కాబట్టి ఆవిడ అక్కడ లేదు.

మళ్ళీ చెప్తున్నా, ఆవిడ అక్కడ లేదు. నేనీ పదేళ్ళలో ఎన్నిసార్లు ఈ మాట నాకు నేను చెప్పుకున్నానో లెక్కలేదు.

సరే, ఇప్పుడు కాసేపు మేకు గురించి మాట్లాడుకుందాం. (నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. దేశంలో సగంమంది మెకానికల్ వాళ్ళ కథే నాదీనూ :-) )

మేకు రెండు చెక్కల్ని ఎలా పట్టుకుంటుంది అని అడిగితే చాలామంది "అది ఇనుము కదా, గట్టిది కాబట్టి" అంటారు. నిజానికి మేకు చెక్కని పట్టుకోదు. చెక్కే మేకుని పట్టుకుంటుంది. మేకు లోపలికి దిగుతున్నప్పుడు కర్రలోని నారని పక్కకి తోస్తుంది. అలా నలిగి వంగిన నార మళ్ళీ తన చోటుకి రావాలని చూస్తూ మేకుని రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే మేకు పట్టు. నార లేని చెక్కలో, అంటే మా పుస్తకాల అర లాంటి పొట్టు చెక్కలో, పట్టుకునే చెయ్యే ఉండదు. అక్కడ లావు మేకు కొడితే ఇంకా పెద్ద బొక్క పడుతుంది, అంతే.

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ 'వుడ్ హ్యాండ్‌బుక్' అని ఒక పుస్తకం వేస్తుంది. అందులో మామూలు మేకుని పీకడానికి ఎంత బలం కావాలో ఒక సూత్రం ఉంది. ఆ బలం మేకు లావుకీ, చెక్కలో దిగిన పొడుగుకీ నేరుగా అనులోమంగా ఉంటుంది. లావు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు. కానీ చెక్క సాంద్రతకి మాత్రం రెండున్నర ఘాతం. అంటే రెట్టింపు సాంద్రత ఉన్న చెక్కలో అదే మేకుకి ఐదున్నర రెట్లకి పైగా పట్టు దొరుకుతుంది. మేకు షాపువాడికన్నా కర్ర అడితీవాడే మన ఇంటి కప్పుని ఎక్కువ కాపాడతాడన్నమాట.

ఇంకో చిక్కుంది. పచ్చికర్రలో మేకు కొడితే ఆ రోజుకి బాగానే పట్టుకుంటుంది. కర్ర ఎండే కొద్దీ నార కుంచించుకుపోయి పట్టు చాలావరకు జారిపోతుంది. పల్లెటూళ్ళో డబ్బులకి కటకటగా ఉన్నప్పుడు ఎవడు కర్రని ఏడాది ఎండబెట్టి వాడతాడు? అందుకే మడత. మొన వంచి వెనక్కి కొడితే మేకు ఇక రాపిడి ఒక్కదాని మీదే ఆధారపడదు. బద్దీ వెనక కొక్కెం వేసినట్టు ఉంటుంది.

ఇదేదో పాతకాలపు చాదస్తం అనుకునేవాణ్ణి. అదే హ్యాండ్‌బుక్కులో దీనికీ లెక్కలున్నాయి. మడత పెట్టిన మేకుకి, కొట్టిన కొత్తలో, మడత పెట్టనిదానికన్నా 45 నుంచి 170 శాతం ఎక్కువ పట్టు ఉంటుందట. పచ్చికర్రలో కొట్టి తర్వాత ఆరనిస్తే ఆ తేడా 250 నుంచి 460 శాతం. ఇంకా తమాషా ఏంటంటే, మొనని నార వెంబడి కాకుండా నారకి అడ్డంగా వంచితే మరో 20 శాతం దాకా లాభం. "నారకి అడ్డంగా వంచరా" అని తాతయ్య ఆ రోజు నాలుగుసార్లు చెప్పాడు. ఆయన ఏ హ్యాండ్‌బుక్కూ చదవలేదు.

ఇంజనీరింగ్ అయ్యేలోపు ఒకసారి లైబ్రరీలో వేరే దేనికోసమో వెతుకుతుంటే ఎడ్ సట్ అనే ఆయన గురించి చదివాను. 1995లో మారిలిన్ అనే తుఫాను కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవిని తుడిచిపెట్టింది. అప్పుడు క్లెమ్సన్ యూనివర్సిటీలో చదువుతున్న సట్ కూలిన ఇళ్ళని పరిశీలించడానికి అక్కడికి వెళ్ళాడు. ఆయనకి అక్కడ కనబడిందేమిటంటే, చాలాచోట్ల కర్ర బానే ఉంది, మేకులే ఓడిపోయాయి. అది చదవగానే కుర్చీలోంచి లేచి బయటికెళ్ళి నిలబడ్డాను. నా కళ్ళ ముందు మా పాక చూరు.

సట్ తర్వాత బోస్టిచ్ కంపెనీలో చేరి 'హరిక్వేక్' అని ఒక మేకు తయారుచేశాడు. దాన్ని 2006లో పాపులర్ సైన్స్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణగా ఎంచుకుంది. విమానాలూ కంప్యూటర్లూ ఉండగా ఒక మేకుని! అందులో ఆయన చేసినవి విడివిడిగా చూస్తే చిన్న చిన్న మార్పులే. గాలి చెక్కని పైకి లేపినప్పుడు మేకు రెండు రకాలుగా ఓడిపోతుంది. ఒకటి, కింద కర్రలోంచి మేకే ఊడొస్తుంది. రెండు, మేకు అక్కడే ఉంటుంది, పైచెక్క దాని తల మీదుగా చిరిగి వెళ్ళిపోతుంది. మొదటిదానికి మేకు కింది భాగంలో చుట్టూ రింగుల్లాగా గాట్లు పెట్టాడు. అవి నారలో ఇరుక్కుంటాయి. రెండోదానికి తల వెడల్పు పెంచాడు. మరి రింగులు పైదాకా ఎందుకు పెట్టలేదు? గాటు పెట్టినచోట మేకు సన్నబడుతుంది. భూకంపం వచ్చినప్పుడు పక్కలకి ఊగే బలం రెండు చెక్కలు కలిసేచోట పడుతుంది. అందుకని అక్కడ మేకుని నున్నగా, లావుగా వదిలేశాడు. తల కింద మళ్ళీ కొంచెం మెలిక తిప్పాడు, బెజ్జంలో కదలకుండా. అంగుళం అంగుళానికీ ఒక కారణం ఉన్న మేకు అది.

అది చదివాక నాకూ పురుగు కుట్టింది. మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి అందరూ ఇంటర్నెట్టులో దొరికినవి పెట్టుకుంటుంటే నేను మేకు మీద పని చేస్తానన్నాను. నా ఆలోచన ఏమిటంటే, మొన దగ్గర మేకుని నిలువునా చీల్చాలి. రెండు కాళ్ళకీ లోపలివైపు ఏటవాలు పెట్టాలి. కొట్టేటప్పుడు కర్ర లోపలే ఆ కాళ్ళు చెరోవైపు విచ్చుకోవాలి. అంటే మడత దానంతటదే పడుతుంది, కింద ఎవడూ నిచ్చెనెక్కక్కర్లేదు! ఇది నా బుర్రలో మొదటిసారి పుట్టిందేమీ కాదు. చీలిన కాళ్ళ సామాను మనచుట్టూ బోలెడుంది. బండి ఇరుసు నట్టులో దూర్చి కాళ్ళు విడదీసే స్ప్లిట్ పిన్ను, తోలు సంచులకి కొట్టే చీలిక రివెట్టు, కాగితాల కట్టకి గుచ్చే ఇత్తడి పిన్ను, అన్నీ ఆ జాతివే. వాటిలో కాళ్ళు విడేది బయట, ఖాళీ జాగాలో. నేను కర్ర లోపల విడదీద్దామనుకున్నాను.

వర్క్‌షాపులో హ్యాక్సా బ్లేడుతో మేకుల మొనలు చీల్చడానికే రెండు వారాలు పట్టింది. తర్వాత కొట్టడం. కొన్నిటికి రెండు కాళ్ళూ ఒకేవైపు వంగిపోయాయి. కొన్నిటికి ఒక కాలు తెగిపోయింది. కాళ్ళు చక్కగా విచ్చుకున్న వాటిలో కొన్ని కర్రనే రెండుగా చీల్చేశాయి. అప్పుడు తెలిసొచ్చింది, కాళ్ళు ఏ దిక్కుకి విడుతున్నాయన్నదే అసలు సంగతి. నార ఉన్న దిక్కుకి గానీ, దానికి అడ్డంగా గానీ కాళ్ళు తిరిగిన తీరు బట్టి ఒకచోట పట్టు, ఒకచోట పగులు. గుండ్రటి మేకుకి దిక్కేముంది? కొట్టేవాడు ప్రతి మేకునీ చూసి తిప్పి పెట్టాలి. నేను వదిలించుకుందామనుకున్న 'శ్రద్ధ' మళ్ళీ వెనక గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది.

వైవాలో మా సారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "బానే ఉందోయ్. దీన్ని పీకడం ఎలా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన బల్ల మీది స్టేప్లర్ తీసి చూపించారు. కింద ముందుభాగంలో ఉండే చిన్న పలకని ఎప్పుడైనా చూశారా? అందులో రెండు రకాల గాళ్ళుంటాయి. మామూలుగా పిన్ను కాళ్ళు లోపలికి మడతపడతాయి. ఆ పలకని నొక్కి తిప్పితే కాళ్ళు బయటికి విచ్చుకుంటాయి, అప్పుడు పిన్ను వేలితో లాగితే వచ్చేస్తుంది. ఒకటి ఉంచడానికి, ఒకటి తీయడానికి. "పట్టు పెంచడం సగం డిజైను. ఎప్పుడు వదలాలో నిర్ణయించడం మిగతా సగం" అన్నారు. మార్కులు మాత్రం బొటాబొటీ వేశారు.

ఆ సెలవల్లో తాతయ్యకి నా చీలిక మేకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, రెండు మామూలు మేకులు తీశాడు. ఒకటి కుడికి వాలుగా, పక్కనే ఇంకోటి ఎడమకి వాలుగా ఒక చెక్కలోకి కొట్టి నా చేతికిచ్చాడు. "లాగు" అన్నాడు. రాలేదు. రెండు కాళ్ళు లోపల చెరోవైపు చాపుకుని ఉన్నాయి. నేను రెండు వారాలు బ్లేడు పట్టుకుని సాధించలేనిది ఆయన నాలుగు దెబ్బల్లో చేశాడు. ఖర్చు రెండు మేకులు. అంచు దగ్గర కొట్టేటప్పుడు కర్ర పగలకుండా మొనని ముందు సుత్తితో కాస్త మొద్దు చేసుకోవడం కూడా అప్పుడే చూపించాడు. సన్న మొన నారని పక్కకి తోసి చీలుస్తుంది, మొద్దు మొన నారని తెంపుకుంటూ పోతుంది. పగులు తగ్గుతుంది, పట్టు కూడా కొంచెం తగ్గుతుంది. ఏదీ ఊరికే రాదు.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే...

మంచి డిజైను అంటే బలం పెంచడం అనుకుంటాం. నాకు ఇన్నాళ్ళకి అర్థమైంది వేరు. మనిషి చూపించాల్సిన శ్రద్ధలో కొంతని వస్తువులోకి ఎక్కించడమే డిజైను. మడత పెట్టడం మనిషి శ్రద్ధ. అది అలసిపోతుంది, అబద్ధమాడుతుంది, ఫ్రెండ్సు హారన్ కొడితే పరిగెడుతుంది. రింగు మేకు అయితే ఆ శ్రద్ధ ఫ్యాక్టరీలోనే దానికి పట్టేస్తుంది. కొట్టినవాడు ఎవడైనా, కింద పెంటకుప్ప ఉన్నా లేకపోయినా అది పట్టుకునే ఉంటుంది. ఆఫీసులోనూ రోజూ ఇదే గొడవ. "రిలీజ్ చేసే ముందు ఏడో స్టెప్పు మర్చిపోకండి" అని డాక్యుమెంటులో ఎర్ర అక్షరాలతో రాసుకుంటాం. శుక్రవారం సాయంత్రం ఎవడో ఒకడు మర్చిపోతాడు. ఆ స్టెప్పు చెయ్యకపోతే అసలు రిలీజే కదలకుండా చేస్తే ఆ ఎర్ర అక్షరాలతో పనే లేదు. నేను ఏ రివ్యూలో కూర్చున్నా ముందు అడిగేది ఒకటే. "ఇది చెయ్యడం మర్చిపోతే తెలుస్తుందా?" అని. మా టీమువాళ్ళకి నేనంటే విసుగు. వాళ్ళకి మా చూరు సంగతి తెలీదు కదా.

అయితే రింగు మేకుకీ ఒక ధర ఉంది. తీయాలంటే తల తెగుతుంది, లేదా చెక్క నాశనమవుతుంది. మా తాతయ్య లాంటి వాళ్ళు ఒక కర్రని మూడు ఇళ్ళకి వాడతారు, ఒక మేకుని నాలుగుసార్లు కొడతారు. వాళ్ళకి మడతే సరైన డిజైను. గట్టిగా పట్టుకుంటుంది, కావాలన్నప్పుడు నిటారు చేస్తే బయటికొస్తుంది. కాకపోతే ఆ పక్కన నాలాంటి మనవడు ఉండకూడదు.

హుద్‌హుద్ వెళ్ళిన నాలుగో రోజు. ఇంకా కరెంటు లేదు. తాతయ్య పాక ముందు బండరాయి పెట్టుకుని, ఏరి తెచ్చిన మేకుల్ని సుత్తితో తిన్నగా చేస్తున్నాడు. మళ్ళీ వాడుకోవాలి కదా. నేను పక్కన కూర్చుని డబ్బాలో వేస్తున్నాను. పై నాలుగు వరసల్లో రేకులు తల దగ్గర చిరిగిపోయాయే గానీ మేకులు బద్దీల్లోనే ఉండిపోయాయి. వాటిని పీకి తెచ్చాం కాబట్టి అన్నీ వంకరగా ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగైదు దెబ్బలు. అది అయ్యాక తాతయ్య రెండో కుప్ప దగ్గరికి జరిగాడు. చూరు వైపువి. గాలికి వాటంతటవే ఊడొచ్చి నేలమీద దొరికినవి.

అన్నీ తిన్నగా ఉన్నాయి. కొత్తవాటిలా.

ఆయన ఒకటి తీసి బండ మీద పెట్టాడు. చూశాడు. ఇంకోటి తీశాడు. చూశాడు. సుత్తి పక్కన పెట్టి, ఆ కుప్పంతా రెండు చేతులతో ఎత్తి నేరుగా డబ్బాలో పోసేశాడు.

"వీటికి సుత్తితో పని లేదురా" అన్నాడు.

అంతే. ఇంకో మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. కప్పు మళ్ళీ వేసినప్పుడు మడత పెట్టే పని నాకే ఇచ్చాడు. ఆరు వరసలూ నేనే చేశాను, పెంటకుప్ప మీద నిచ్చెన వేసుకుని. ఈసారి "అయిపోయిందా" అని అడగలేదు. అడిగితే బావుండేది. "అప్పుడు అబద్ధం చెప్పాను తాతయ్యా" అని చెప్పే అవకాశం ఉండేది. ఇప్పుడాయన లేడు. పాక ఉంది. కప్పు ఉంది.

మా పుస్తకాల అర సంగతా? లావు మేకులు కొట్టలేదు. చెక్కలకి ఆర్పార్ బెజ్జాలు వేసి, ఇనప మూలపట్టీలు పెట్టి, బోల్టు దూర్చి వెనక వాషరేసి నట్టు బిగించాను. నార లేని చెక్కకి అదే మడత. రూమ్మేటు ముందునుంచి చూసి "ఓకే బ్రో, అయిపోయింది కదా" అన్నాడు.

అరని గోడ నుంచి ముందుకి లాగి, వెనక ఉన్న పన్నెండు నట్లూ వాడికి చూపించాను.